ఆనకట్ట నుండి ఆటోనగరు వరకు

వృత్తివిద్యను గూర్చి మన దేశమున ప్రసంగించువారు సాధారణముగా సంఘముల నివేదికలతో ప్రారంభింతురు. ఏ సంవత్సరమున ఏ దొర ఏ సిఫారసు చేసెనో, ఏ ప్రణాళికయందు ఎంత ధనము కేటాయింపబడెనో చెప్పి ఊరకుందురు. కృష్ణా డెల్టా విషయమున అట్టి చరిత్ర వ్రాసినచో అది కాగితముల చరిత్ర యగునే గాని పనివాండ్ర చరిత్ర కానేరదు. ఏలయన, ఈ సీమలో పని యెప్పుడును బడికంటె ముందే పుట్టినది. నదికి అడ్డుకట్ట కట్టవలసి వచ్చినప్పుడును, పొగబండి వచ్చినప్పుడును, ధాన్యపు మరలు లేచినప్పుడును, లారీలు బెజవాడ (నేటి విజయవాడ) వీధుల నిండినప్పుడును, ఆ పని చేయగల చేతులు ఆ పనియొద్దనే తయారైనవి. వానికై పాఠశాలలు తరువాత వచ్చినవి, కొన్ని మిక్కిలి ఆలస్యముగా వచ్చినవి, వచ్చినవానిలో కొన్ని వేరొక పనిని నేర్పినవి. ఈ ఎడము ఎట్లు కలిగెనో, దానిని పూడ్చబూనినవా రెవరో, వారి కెంతవరకు చేతనయ్యెనో విచారింపదగియున్నది.

బందరనబడు మచిలీపట్టణపు అద్దకముతో ప్రారంభించుట న్యాయము. 1605లో ఒలందావారును, 1611లో ఇంగ్లీషువారును ఈ రేవున వర్తకశాలలు నెలకొల్పుటకు ముఖ్యకారణము ఇచ్చటి బట్టయే. ఇసుకనేలలలో పెరుగు చిరివేరు ఎరుపు నిచ్చెడిది. ఇనుపముక్కలను బెల్లపునీట పులియబెట్టి తీసిన కసిమి నలుపు నిచ్చెడిది. కరక్కాయ కషాయమున ముంచి ఆరబెట్టిన గుడ్డపై పటిక అంటినచోటనే చిరివేరు ఎరుపు నిలిచెడిది. నేతగాండ్రు, చాకళ్లు, అచ్చులు చెక్కువారు, అచ్చు వేయువారు, కలముతో వ్రాయువారు, అందరును ఒకరి పని ముగిసినచోట మరియొకరు అందుకొనుచు పనిచేయుచుండగా, ఆ వరుస చివర వర్తకుడు నిలిచియుండెడివాడు. పారసీకమునకు పోవు బట్టకు ఒక తీరు, తూర్పుదీవులకు పోవు బట్టకు మరియొక తీరు, ఐరోపాకు పోవు బట్టకు వేరొక తీరు. ఏ తీరు కావలెనో మచ్చుగుడ్డ చూపి, బయానా యిచ్చి, వర్తకుడు చెప్పెడివాడు. ఇంటిలోని పిల్లవాడు తండ్రి చేతికింద నేర్చునది ఆ బేరమునకు కావలసిన విద్యయే గనుక, ఏమి నేర్పవలెనను ప్రశ్నకు అచ్చట తావే లేకుండెను.

చదువును ప్రాంతపు అవసరములతో జోడింపవలెనని నేటివారు కోరు ఆ జోడింపు ఇంతకంటె సంపూర్ణముగా మరియెచ్చట నుండును? అయినను ఆ సంపూర్ణతయే దాని ప్రాణమునకు ముప్పయ్యెను. ఇంగ్లండు మరబట్ట వచ్చి బేరమును సన్నగిలజేసెను. 1864 నవంబరు 1వ తేదీ నాటి ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన బెట్టుకొని పట్టణమును పాడుపెట్టెను. 1868లో గ్రేబె, లీబర్మను అను జర్మను రసాయనవేత్తలు చిరివేరునందలి ఎరుపు పదార్థమునే ప్రయోగశాలలో తయారుచేయ నేర్చిరి. కొనువాడు పోయినంతనే నేర్చినదియు నిరర్థక మయ్యెను. ఒకే కొనుగోలుదారుని నమ్మి నేర్చినవానికి మరియొక పని తెలియదు, తెలిసికొన దారియు లేదు. నేడు పెడనలో కనబడు అచ్చుపని ఆ వినాశమునుండి మిగిలిన కొలదిమంది చేతులలో నిలిచి, తరువాత 20వ శతాబ్దమున మరల ఎత్తుకొనబడినది. కావున విపణికి అతుకుకొని పోవుటయే వృత్తివిద్యకు పరమార్థమని వాదించువారు ముందుగా బందరు పోయి ఆ కథ విని రావలెనని నా మనవి.

ఇక నదివైపు తిరుగుదము. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను శ్మశానప్రాయము చేసిన పిదప, కృష్ణకు ఆనకట్ట కట్టవలెనను ఆలోచన బలపడెను. ఆర్థరు కాటను గోదావరిపై ధవళేశ్వరమున చేసి చూపినదానిని కృష్ణపై బెజవాడయొద్ద, ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ నది ఇరుకైనచోట, కెప్టెన్ చార్లెసు ఆర్ 1852లో ప్రారంభించి 1855లో ముగించెను. 3,714 అడుగుల పొడవుగల ఆ కట్టడమునకు రాయి ఇరుప్రక్కల కొండలే యిచ్చినవి. ఆ రాయి పగులగొట్టిన వడ్డెవారును, గానుగసున్నము పాకముపట్టిన తాపీవారును, పడవలపై రాతిని నడిమి యేటికి చేర్చిన సరంగులును, తలుపులు బిగించిన వడ్రంగులును, కమ్మరులును ఏ పాఠశాల గడపయు తొక్కినవారు కారు. మదరాసులో 1794లోనే సర్వేబడి యొకటి పుట్టియుండెను. అదియే 1859లో సివిలింజనీరింగు కళాశాలగా పెరిగెను. కాలువ గీత గీయువాడు అచ్చటనుండి వచ్చెను. గీతవెంబడి మన్ను తవ్వువాడును, లాకుతలుపునకు ఇనుపపట్టీ వేయువాడును ఈ గట్టుననే నేర్చెను. కొలత తెలిసినవానికిని చేత తెలిసినవానికిని మధ్య ఈ సీమలో ఏర్పడిన మొదటి దూర మది.

ఆనకట్ట మూడేండ్లలో ముగిసినను, అది పుట్టించిన పని ముగియలేదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ, కొమ్మమూరు కాలువ, వానినుండి చీలిన పిల్లకాలువలు, ఒక్కొక్కదానికి లాకులు, తూములు, తలుపులు, వానిని ఎత్తుటకును దించుటకును లస్కర్లు. ఏలూరు కాలువ గోదావరి కాలువలతో కలియుటచేతను, కొమ్మమూరు కాలువ బకింగుహాము కాలువతో కలియుటచేతను, బెజవాడనుండి ఒకవైపు గోదావరి మండలమునకును మరియొకవైపు మదరాసునకును పడవదారి యేర్పడెను. పడవ చేయు వడ్రంగికి కొదువలేని పని దొరికెను. వేసవిలో కాలువలు కట్టివేయు దినములలోనే మరమ్మతులన్నియు జరుగవలెను గనుక, ఆ కొలది వారములలో కమ్మరి కొలిమి రాత్రియు ఆరెడిది కాదు. తండ్రివెంట వచ్చిన కుర్రవాడు ఒక్క వేసవిలో నేర్చునది ఏడాదిపాటు మననము చేసికొనెడివాడు. దీనిని విద్య యనవలెనా, బ్రతుకుతెరు వనవలెనా యని శాస్త్రజ్ఞులు తర్కింతురు గాక. డెల్టాకు నీరు పారినది వీరి చేతులవలననే.

అదే కాలమున బడులు ఏమి చేయుచుండెను? మచిలీపట్టణమున రాబర్టు నోబిలు 1843లో స్థాపించిన ఆంగ్లపాఠశాల ఈ సీమకు మొదటి వెలుగు చూపినదని నిస్సంశయముగా చెప్పవచ్చును; కాని ఆ వెలుగు కచ్చేరీ మెట్లమీదనే ఎక్కువగా పడెను. రెవెన్యూ గుమాస్తాలు, ప్లీడర్లు, ఉపాధ్యాయులు అందుండి బయల్వెడలిరి. ప్రజలకు ఉపయోగపడు చదువు చెప్పవలెనని 1854 నాటి వుడ్ ఆజ్ఞాపత్రము పలికెను. ఉన్నతపాఠశాలలలో విశ్వవిద్యాలయపు దారి యొకటియు వ్యాపార వ్యవహారముల దారి యొకటియు ఉండవలెనని 1882 నాటి హంటరు సంఘము చెప్పెను. రెండవ దారిలో నడచినవారు కొలదిమంది. ఆ దారి చివర సర్కారు కొలువు లేదని తల్లిదండ్రు లెరుగుదురు. వారిని తప్పుపట్టుట తగదు. కాలువ లాకుయొద్ద జీతము నెలకు ఎంతయో, కలెక్టరు కచ్చేరీయందు ఎంతయో వారికి లెక్క తెలియును.

1889లో నైజాము రైలుమార్గము బెజవాడకు చేరెను; 1893లో తూర్పుతీర మార్గము మొదలయ్యెను; 1899లో మదరాసుతో కలిసెను; 1908లో మచిలీపట్టణమునకు శాఖ వేయబడెను. నాలుగు దిక్కుల దారులు కలియుటచే, పుణ్యక్షేత్రమును కాలువల లాకును మాత్రమే యైన ఊరు ఇరువదియేండ్లలో కూడలిపట్టణ మయ్యెను. లోకోషెడ్డులో ఫిట్టరు, బాయిలరువాడు, ఫైర్‌మను, లైనుమీద గ్యాంగుమను, ఈ పేర్లన్నియు ఇంటిపేర్లవలె వాడుకలోనికి వచ్చెను. రైల్వేలు మాత్రము తమ పనివాండ్రను తామే తయారుచేసికొన్నవి. కుర్రవానిని చేర్చుకొని, కొన్నియేండ్లు సానబట్టి, పరీక్షించి, పనిలో నిలిపెడివి. వృత్తివిద్య ప్రాంతపు కొలువుతో నేరుగా ముడిపడిన మొదటి ఆధునిక ఉదాహరణము ఇదియే యనవచ్చును. అది సఫలమగుటకు కారణము సులభము: నేర్పువాడును, పని యిచ్చువాడును ఒక్కడే.

1907 ఏప్రిలులో బిపినచంద్రపాలుడు బెజవాడ, రాజమహేంద్రవరము, మచిలీపట్టణము మొదలగు స్థలములలో ఉపన్యసించినప్పుడు, వంగదేశమున అంతకు పూర్వమే వెలసిన జాతీయవిద్యాపరిషత్తు మాట ఈ సీమలో మారుమ్రోగెను. ఆ యూపులో అనేకులు చప్పట్లు కొట్టి ఇండ్లకు పోయిరి; ముగ్గురు మాత్రము పోలేదు. కోపల్లె హనుమంతరావుగారు న్యాయవాదవృత్తిని విడిచిరి. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు అప్పటికి మచిలీపట్టణమున వైద్యులు. ముట్నూరి కృష్ణారావుగారు కృష్ణాపత్రికకు సంపాదకులు. వీరి పూనికచే 1910లో ఆంధ్రజాతీయకళాశాల మచిలీపట్టణమున వెలసెను. సర్కారు సొమ్ము ముట్టమనియు, సర్కారు పట్టాలు కోరమనియు నిశ్చయించుకొని, ఊరూర చందాలు పోగుచేసి, పుస్తకపు చదువుతోపాటు నేత, వడ్రంగము, కమ్మరము, తివాచీపని, చిత్రలేఖనము నేర్పబూనిన యీ సంస్థ తెలుగుదేశమునకు క్రొత్త.

ఆ కళాశాల చరిత్రను తలచినప్పుడెల్ల రెండు భావములు ఒక్కమారే కలుగును. దాని ఉపాధ్యాయవర్గమును చూడుడు: భట్లపెనుమర్రున పుట్టి, కంబోడియా ప్రత్తిపై చేసిన కృషిచే పత్తి వెంకయ్య యనిపించుకొని, పిదప జాతీయపతాకమునకు రూపకల్పన చేసిన పింగళి వెంకయ్యగారు అందు బోధించిరి, వంగదేశమునుండి ప్రమోదకుమార ఛటర్జీ వచ్చి చిత్రకళ నేర్పగా, అడివి బాపిరాజు, గుర్రం మల్లయ్య, కౌతా సోదరులు ఆయన శిష్యులైరి, బాపిరాజుగారే 1934 మొదలు 1939 వరకు కళాశాలకు అధ్యక్షులై యుండిరి. ఒక చిన్న రేవుపట్టణమున, దాతల సొమ్ముతో, ఇంతమందిని ఒకచోట చేర్చుట సామాన్యమా? ఇది మొదటి భావము. రెండవది వేరు. నేత నేర్పవలెనని నిశ్చయించినది పెడన సాలెవారి కోరికపై కాదు. వడ్రంగము పెట్టినది పడవలు చేయించువారి యభ్యర్థనపై కాదు. జాతికి ఏది తగునో పెద్దలు తలపోసి, ఆ వృత్తులను ఎన్నుకొనిరి. ఎన్నికకు మూలము దేశభక్తి, సంత కాదు. ఆ కాలమున బెజవాడ రైల్వేషెడ్డులో ఫిట్టరుకును, కాలువల శాఖలో మేస్త్రీకిని, క్రొత్తగా వచ్చుచున్న ఆయిలు ఇంజనులను బాగుచేయువానికిని గిరాకి పెరుగుచుండగా, కళాశాల మగ్గమును ఆశ్రయించెను. పట్టాకు సర్కారు గుర్తింపు లేదు గనుక కచ్చేరీ తలుపు మూసుకొనెను. గిరాకిగల వృత్తి కాదు గనుక కార్ఖానా తలుపు పూర్తిగా తెరచుకొనలేదు. పెక్కుమంది విద్యార్థులు ఉద్యమమున చేరి జైళ్లకు పోయిరి. అది వారికి కీర్తియే గాని భుక్తి కాలేదు.

ఒక్క తరుణమున మాత్రము సంతయు దేశభక్తియు ఒకటైనవి. 1921 మార్చి చివర బెజవాడలో సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము, జూను ముగియులోపల తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, సభ్యులుగా కోటిమంది, దేశమున 20 లక్షల రాట్నములు సమకూర్పవలెనని తీర్మానించెను. నిధి మాటయు సభ్యుల మాటయు చరిత్రకారులు విస్తారముగా వ్రాసిరి; రాట్నములను చేయువాడెవ్వడని విచారించినవారు అరుదు. మూడునెలలలో 20 లక్షల రాట్నములన్న, దేశమందలి వడ్రంగులకు అంత పెద్ద గిరాకి నొక రాజకీయసభ యెన్నడైన పుట్టించెనా? కదురు తిన్నగా ఉండవలెను, చక్రము ఊగరాదు. చేత తెలియనివాడు చేసిన రాట్నముపై నూలు తెగును. స్వరాజ్యమునకు సయితము చక్కని వడ్రంగి కావలసియుండెను.

కోపల్లె హనుమంతరావుగారు 1922లో పరమపదించుటతో కళాశాలకు పెద్దదిక్కు పోయెను. నడచుట మానలేదు గాని మొదటి యూపు తగ్గెను. స్వాతంత్ర్యానంతరము అది సాధారణ డిగ్రీ కళాశాలల వరుసలో చేరెను. పట్టాభిగారి మార్గము ఇచ్చట గమనింపదగినది. 1915లో కృష్ణాజిల్లా సహకార కేంద్రబ్యాంకు, 1923లో ఆంధ్రాబ్యాంకు, 1925లో ఆంధ్ర బీమాసంస్థ, ఇవి యన్నియు ఆయన పూనికతో మచిలీపట్టణముననే పుట్టినవి. చేతికి పని నేర్పినంత మాత్రమున చాలదనియు, నేర్చిన చేతికి పెట్టుబడి అందనిచో అది పరుల కూలికే పోవుననియు ఆయన గ్రహించెనో, లేక వ్యవహారదక్షుని సహజదృష్టిచే అటు నడచెనో నేను నిర్ణయింపను. ఫలితము మాత్రము స్పష్టము: డెల్టాలో మరలు నెలకొల్పినవారికి అప్పు దొరకు చోటు ఏర్పడెను.

సర్కారు వారి కథ ఇంతకంటె విచిత్రమైనది. మదరాసు ప్రభుత్వమున ఆల్ఫ్రెడు ఛాటర్టను అను ఇంజనీరు అల్యూమినియపు పాత్రలు, నూతన మగ్గములు, నీరుతోడు ఇంజనులు మొదలగువానిని ప్రభుత్వమే ముందుగా ప్రయోగించి, లాభసాటి యని చూపి, పిదప ప్రజలకు అప్పగింపవలెనని వాదించి కొంతవరకు చేసియు చూపెను. 1908లో ఉదకమండలమున జరిగిన పారిశ్రామికసభ పరిశ్రమలకు ప్రత్యేకశాఖ కావలెనని కోరెను. లండనులో భారతమంత్రిగా నున్న మార్లే 1910లో దానికి అడ్డుచెప్పెను: సర్కారుసొమ్ముతో పారిశ్రామికవిద్య నేర్పవచ్చును గాని పరిశ్రమలను నెలకొల్పరాదనెను. జాతీయకళాశాల వెలసిన సంవత్సరమే ఈ యాజ్ఞ వచ్చుట గమనార్హము. పని నేర్పుము, పని కల్పింపకుము, అను ఈ విభజన మన వృత్తివిద్యపై పడిన మొదటి వంకరముద్ర యని నా యభిప్రాయము. 1916-18 నాటి పారిశ్రామికసంఘము దానిని కొంత సడలించెను. 1922లో మదరాసు శాసనసభ పరిశ్రమలకు ప్రభుత్వసాహాయ్యపు చట్టము చేసెను. అయినను నేర్పు శాఖ ఒకటి, నెలకొల్పు శాఖ వేరొకటి, అవి యొకదానితో నొకటి మాటలాడకుండుట అలవాటుగా స్థిరపడెను.

ఈ లోపల డెల్టా తన దారిన తాను పోవుచుండెను. వరి పుష్కలముగా పండుటచే గుడివాడ, ఉయ్యూరు, బెజవాడ ప్రాంతములలో బియ్యపు మరలు లేచెను. 1936లో ఆంధ్రసిమెంటు సంస్థ బెజవాడలో పుట్టెను. ఉయ్యూరున చక్కెర కర్మాగారము వెలసెను. 1921లోనే మారుతీటాకీసు తెరపై బొమ్మలు కదలుటచే ప్రొజెక్టరు త్రిప్పువాడొకడు కావలసివచ్చెను. పుస్తకప్రచురణ బెజవాడలో పెరుగుటచే కంపోజిటర్లు వందలసంఖ్యలో కావలసివచ్చిరి. కంపోజిటరు బడియందు నేర్చినవాడు కాడు; పెట్టెలో ఏ అక్షరము ఏ గడియందున్నదో చూడకయే చేయి పోవువరకు పెద్దకంపోజిటరు ప్రక్కన నిలిచి నేర్చినవాడు. తెలుగు సాహిత్యమున సగము వీరి వ్రేళ్లసందునుండి జారినదే, కాని వారి పేర్లు ఏ ముఖపత్రమునను లేవు. వ్యవసాయమున మిగిలిన సొమ్ము మరలలోనికిని, బస్సులలోనికిని, సినిమాలలోనికిని ప్రవహించినట్లే, రైతుకుటుంబముల పిల్లలును పూర్వము కులవృత్తులుగా నున్న యంత్రపుపనులలోనికి క్రమముగా వచ్చిరి. కులము విధించిన హద్దులను చెరిపినది ఏ ఉపన్యాసమును కాదు, ఇంజను చప్పుడే.

1952లో పాత ఆనకట్ట తెగెను. దాని స్థానమున 1954లో ప్రారంభమై 1957 డిసెంబరులో తెరువబడిన ప్రకాశం బ్యారేజి నీటిని ఆపుటయే గాక, నదిపై రోడ్డును కూడ వేసెను; మదరాసునుండి కలకత్తాకు పోవు లారీ ఇక బెజవాడలో ఆగక తప్పదయ్యెను, హైదరాబాదునుండి బందరునకు పోవు దారియు ఇచ్చటనే ఆ మార్గమును దాటుచుండెను. ఆగిన లారీకి కమానుకట్ట విరిగియుండును, రేడియేటరు కారుచుండును, గేరుబాక్సు మొరాయించుచుండును. ఈ పనులకు సర్కారు బడి యేమి సిద్ధపరచెను? భారతప్రభుత్వము 1950లో చేతిపనివారి శిక్షణ పథకమును ప్రారంభించి, 1956లో పారిశ్రామిక శిక్షణసంస్థల, అనగా ఐటిఐల, పాలనను రాష్ట్రముల కప్పగించి, 1961లో అప్రెంటిసుల చట్టము చేసెను. ఫిట్టరు, టర్నరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, ఇవి ఐటిఐలలోని ముఖ్యవృత్తులు. పంజాబులో ఏ పాఠ్యక్రమమో బెజవాడలోను అదియే. దేశమంతట ఒకే ప్రమాణముండుట మేలే. ఒకచోట నేర్చినవాడు మరియొకచోట పని దొరకించుకొనగలడు, బందరు అద్దకపువానికి లేని స్వేచ్ఛ ఇది. కాని ఆనాటి పాఠ్యక్రమమున వరిమరకు చోటు లేకుండెను, లాకుతలుపునకు చోటు లేకుండెను, లారీ బాడీకి చోటు లేకుండెను. ఈ ఊరికి నిత్యము కావలసిన మూడు పనులును లెక్కకు రాలేదు.

అందుచే ఊరు తన బడిని తానే పెట్టుకొన్నది. దానికి పేరు జవహరు ఆటోనగరు. నగరమున చెదరియున్న మెకానికుల షెడ్డులు 1960లలో వారి సంఘమైన ఆటోమొబైలు టెక్నీషియన్ల అసోసియేషను పూనికచే పటమట ప్రక్క ఒకచోట చేరినవి. ఇచ్చట వీధివీధికి ఒక పని: ఒకచోట ఇంజను, ఒకచోట కమానుకట్టలు, ఒకచోట లేతులు, ఒకచోట టింకరింగు, ఒకచోట రంగు, ఒకచోట చెక్కయు రేకును కలిపి బస్సుబాడీ కట్టుట. చెడిన లారీ ఒక గేటునుండి వచ్చి, పది చేతులు మారి, నూతనముగా మరియొక గేటునుండి పోవును. పదునాలుగేండ్ల కుర్రవాడు మొదట కిరసనాయిలుతో బోల్టులు కడుగును. పిదప మేస్త్రీ చేయి చాచినంతనే అడుగకయే తగిన స్పానరు అందించును. పిదప చక్రము విప్పును. కొన్నియేండ్లకు ఇంజను చప్పుడు విని తెగులు చెప్పును. ఒకనాడు మేస్త్రీయొద్ద సెలవు పుచ్చుకొని రెండువీధుల అవతల తన షెడ్డు పెట్టును. మేస్త్రీ దానికి కోపింపడు. తన చేతికింద ఎందరు షెడ్డుపెట్టిరో లెక్కచెప్పుకొనుట అతనికి గౌరవము. రాష్ట్రమున ఏ ఐటిఐయైనను తన విద్యార్థులలో ఇంతమంది యజమానులైరని చెప్పుకొనగలదో లేదో నాకు సందేహము.

కాని ఈ బడిని కీర్తించుటయందు మితము పాటింపవలెను. కుర్రవానికి మొదటి యేండ్లలో జీతము నామమాత్రము, కొన్నిచోట్ల అన్నము మాత్రమే. వ్రేలు నలిగినచో పరిహారము మేస్త్రీ దయపై నాధారపడును. నేర్చినదానికి కాగితము లేదు, గనుక ఇతరచోట దానిని చూపలేడు. బడి మానిపించి పంపబడిన బాలుడు ఎట్లు నేర్చుకొన్నాడని అబ్బురపడుటకు ముందు, బడి ఎందులకు మాన్పింపబడెనని అడుగుట ధర్మము. మరియు, 2020 ఏప్రిలు 1 నుండి వాహనముల పొగకు హద్దు విధించు బీఎస్-6 ప్రమాణములు దేశమంతట అమలులోనికి వచ్చి ఇంజనులు సెన్సర్లతోను కంప్యూటరు నియంత్రణతోను నడచుచుండగా, చెవితో తెగులు పట్టు విద్యకు హద్దు కనబడసాగినది. తెగులు తెరపై అంకెలుగా కనబడును. ఆ అంకెలు చదువుటకు యంత్రమును, ఆ యంత్రమును చదువుటకు కొంత ఇంగ్లీషును కావలెను. చేత తెలిసి చదువు తెలియనివాడును, చదువు తెలిసి చేత తెలియనివాడును మరల ఎదురుబొదురుగా నిలిచిరి.

ప్రభుత్వపాఠశాలల వైపు కథ వేగముగా చెప్పవచ్చును. 1964-66 నాటి కొఠారీ సంఘము ఉన్నతపాఠశాలాస్థాయిని వృత్తిమయము చేయవలెనని గట్టిగా చెప్పెను. 1970ల చివర మన రాష్ట్రమున ఇంటర్మీడియటునందు వృత్తికోర్సులు ప్రవేశపెట్టబడెను. 1986 నాటి జాతీయవిద్యావిధానము 1990 నాటికి ఈ స్థాయి విద్యార్థులలో 10 శాతమును, 1995 నాటికి 25 శాతమును వృత్తిమార్గమునకు మరలింపవలెనని సంకల్పించెను. 1992లో ఆ గడువులను అయిదేసి సంవత్సరములు ముందుకు జరిపిరి. గడువు జరుపుట మన పరిపాలనలో నొక చేతివృత్తి. ఇచ్చట కారణమును ప్రభుత్వపు అలసత్వమున మాత్రమే వెదకుట పొరపాటు. 1977లో విజయవాడలో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల, రాష్ట్రమున ప్రైవేటువారి మొదటి ఇంజనీరింగు కళాశాలగా, తెరువబడెను. తరువాత ఈ నగరము ప్రవేశపరీక్షల శిక్షణకు కేంద్రమై, రాష్ట్రపు నలుమూలలనుండి పిల్లలు వచ్చి హాస్టళ్లలో నివసించి చదువు చోటయ్యెను. వంటవాడు, వార్డెను, ట్యూటరు, బస్సుడ్రైవరు, ముద్రాపకుడు, ఇంతమందికి పని కల్పించిన యీ చదువు ఒక స్థానికపరిశ్రమయే; కాని అది తయారుచేయు సరకు డెల్టాకు కాదు, హైదరాబాదునకును అమెరికాకును. డెల్టా కుటుంబమునకు తన ప్రాంత మెంతవరకు వ్యాపించియున్నదని అడిగినచో, కాలిఫోర్నియా కూడ అందులోనిదే యనును. అట్టివారియెదుట, మీ ఊరికి వెల్డరు కావలెనని చెప్పువాడు ఎంత యోగ్యుడైనను వినువారు లేరు.

వెల్డరు మాత్రము కావలసియే యున్నాడు; అతడొక్కడే కాదు. కైకలూరు, మండవల్లి ప్రాంతముల చెరువులలో చేపలు పెరుగుచుండగా, నీటి పరీక్ష తెలిసినవారును, ఏరేటర్లు బాగుచేయువారును, మంచుకర్మాగారమున పనిచేయువారును కావలసియున్నారు. ఆ పనివాండ్రలో అనేకులు అనుభవముననే నేర్చినవారు. బాపులపాడు మండలపు మల్లవల్లియందు అశోక్ లేలాండు సంస్థ బస్సుల కర్మాగారమునకు 2018లో శంకుస్థాపన జరిగి, 2025 మార్చిలో ప్రారంభోత్సవ మయ్యెను. అర్ధశతాబ్దముగా చేతితో బస్సుబాడీ కట్టు ఆటోనగరునకు కొలది దూరముననే అట్టి కర్మాగారము వచ్చుట చిన్న సంగతి కాదు. బాడీకి కొలతలును, కొక్కెములును, మంటనుండి రక్షణయు కేంద్రనిబంధనలలో నిర్దేశింపబడియుండగా, రేకు కొట్టి కన్నుతో సరిచూచు మేస్త్రీకి ఆ కొలతలు నేర్పువారును, కర్మాగారమున చేరు ఐటిఐ కుర్రవానికి రేకు స్వభావము నేర్పువారును, ఇద్దరును కావలెను. ఇద్దరికిని చోటొకటియే యగుట కుదురునా యని ఎవరును అడుగుచున్నట్లు కనబడదు.

2014లో ఏర్పడిన రాష్ట్ర నైపుణ్యాభివృద్ధిసంస్థ, 2015లో కేంద్రము ప్రారంభించిన ప్రధానమంత్రి కౌశలవికాస యోజన, దానియందు పనిలో నేర్చినవానిని పరీక్షించి పత్రమిచ్చు విభాగము, 2024 జూనులో రాష్ట్రపు నూతనప్రభుత్వము చేసిన మొదటి సంతకములలో నొకటియైన నైపుణ్యగణన దస్త్రము, ఇవి యన్నియు చేతికిని కాగితమునకును నడుమనున్న ఎడమును గుర్తించిన ప్రయత్నములే. గణనకు వచ్చిన ఉద్యోగి, ఆటోనగరులో ముప్పదియేండ్లుగా కమానుకట్టలు సరిచేయుచున్న మేస్త్రీని, మీ విద్యార్హత యేమి యని మొదట అడుగునా, మీ చేతికింద ఎందరు నేర్చిరని మొదట అడుగునా యనుదానిపై ఆ దస్త్రము విలువ ఆధారపడియుండును. రెండవ ప్రశ్నకు జవాబు వ్రాయుటకు గణనపత్రమున గడి యున్నచో, ఐటిఐ పాఠ్యక్రమమున లేని పనుల పట్టిక తయారగును. ఆ పట్టికను చూచి గుడివాడ ఐటిఐలో వరిమర ఫిట్టరు కోర్సు పెట్టవలెనో, కైకలూరులో ఏరేటరు మెకానికు కోర్సు పెట్టవలెనో నిర్ణయించుట సులభమగును. అట్టి కోర్సులకు మేస్త్రీనే, డిగ్రీ లేకున్నను, అధ్యాపకునిగా నియమింప నియమము లొప్పుకొనవలెను. ప్రస్తుతము అవి అంత తేలికగా ఒప్పుకొనవు.